చంటిబిడ్డ యింట మితపానము

త్రాగుబోతును ఖండించుట సులభమైన పని. వీధిలో తూలుచు పోవువానిని జూచి యసహ్యపడనివారు లేరు. వాని పక్షమున వాదించువారును లేరు. మన సంస్కారులు నూఱేండ్లుగా తమ బాణములన్నియు వానిమీదనే ప్రయోగించుచు వచ్చిరి. కాని నేడు మన కెదురుగా నిలిచినవాడు వాడు కాడు. ఇతడు తూలడు, కేకలు వేయడు, భార్య మెడలోని పుస్తెలు కుదువబెట్టడు. ఉతికిన వస్త్రములు ధరించి, మెత్తగా మాటలాడుచు, "అమితమైనచో విషమగును గాని, మితముగా బుచ్చుకొనిన దోషమేమి?" యని మనలనే ప్రశ్నించును. ఈ ప్రశ్నకు మనవారిలో పలువురు జవాబు చెప్పక, మరల ఆ తూలువాని కథనే యెత్తుకొందురు. అది వాదము కాదు, తప్పించుకొనుట. నేనీ మితపానవాదమును దేశమంతట వెదకి ఖండింప బూనలేదు. దానిని తీసికొనివచ్చి ఒక్క తావున, చంటిబిడ్డ నిదురించుచున్న యింటిలో నిలిపి, అక్కడ దాని కెంత బలము మిగులునో చూడదలచితిని.

ఆ యిల్లు నెల్లూరు సముద్రతీరమున నున్నదనుకొనుడు. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నము - ఏ యూరైనను సరియే. ముందర ఇసుక, వెనుక సరుగుడు తోపులు, తాళ్లు, ఈదులు, ఉప్పుకయ్యలు, రొయ్యల గుంటలు. పట్టపువారి పేటలోనైనను, యానాదుల గుడిసెలలోనైనను, తుదకు కాంక్రీటు కప్పు వేసిన కాలనీ యిండ్లలోనైనను, నిదురించుటకు గది యొక్కటే. చాప యొక్కటే. బిడ్డ, తల్లి, తండ్రి, పై బిడ్డ, ఒక్కొక్కప్పుడు నాయనమ్మ - అందఱు నొక వరుసనే పరుందురు. ఈ సంగతి పాఠకులు మఱువకుందురుగాక. మితమనగా నెంత యని తేల్చువాడు ఈ చాపమీదనే తేల్చవలెను గాని, పట్టణమునందలి విందుబల్ల మీద గాదు.

ఈ యింటిలోనికి మద్యము రెండు త్రోవల వచ్చుచున్నది. ఒకటి పాత త్రోవ. బాలింతకు చలువ చేసినదని, నడుము నొప్పియని, పాలు పడలేదని, పెద్దవారు రాత్రివేళ చిన్న గ్లాసుతో బ్రాంది పట్టించుట నేనెఱిగిన యిండ్లలో నున్నది. తుపాను గాలి వీచిన దినములలో చంటిబిడ్డ నాలుకకు సైతము వేలితో రెండు చుక్కలు రాయుదురు. అది త్రాగుడని వారు తలంపరు. శొంఠి, కాయము, వెల్లుల్లి కారముల వరుసలో అదియు నొక మందు. రెండవది క్రొత్త త్రోవ. చదువుకొని నగరములందు కొలువు చేయు యువదంపతులు, బిడ్డ కలిగిన మాత్రమున తమ సుఖములన్నియు మానుకొనవలెనా యని యడుగుచు, వారమున కొకటి రెండు పాత్రలు పుచ్చుకొందురు. ఇందు పాత త్రోవవారు అజ్ఞానులనియు, క్రొత్త త్రోవవారు నాగరకులనియు మనలో నొక తలంపు గలదు. అది నాకు సమ్మతము గాదు. ఇరువురును వాడు మాట యొక్కటియే: కొంచెమే గదా!

పాత త్రోవను వెక్కిరించుటకు ముందు దాని వంశమును గూడ దెలిసికొనుట న్యాయము. చరకసంహితయందలి శారీరస్థానము స్తన్యమును వృద్ధిపొందించు ద్రవ్యములను చెప్పుచు, సీధువను దానిని దక్క తక్కిన మద్యములను మొట్టమొదటనే పేర్కొన్నది. పాశ్చాత్యులును వెనుకబడలేదు. అమెరికాలో ఒక సుప్రసిద్ధ బీరు సంస్థ 1895 లో 'మాల్ట్ న్యూట్రిన్' అను పానీయమును బయలుపెట్టి, పాలిచ్చు తల్లులకు బలకరమని ప్రకటించి యమ్మినది. కావున మైపాటి ముసలమ్మ చేతిలోని గ్లాసును జూచి మూఢాచారమని నవ్వువారు, అదే గ్లాసు చరకునిలోను, అమెరికా మందులషాపులోను నుండెనని గుర్తింపవలెను. ఈ నమ్మకములో నొక యిసుమంత సత్యము కూడ లేకపోలేదు. బార్లీ గింజలలోని యొక పిండిపదార్థము, పాలను పుట్టించు ప్రొలాక్టిన్ అను స్రావమును హెచ్చించునని పరీక్షలు చెప్పుచున్నవి. అయితే ఆ గుణము బార్లీది, మద్యముది గాదు. మత్తు లేని బార్లీ నీటను నదియే యున్నది.

మద్యము చేయు పని దీనికి సరిగా విరుద్ధము. పాలు రొమ్మున పుట్టుట వేఱు, అవి చేపునకు వచ్చుట వేఱు. చేపును దెచ్చునది ఆక్సిటోసిన్ అను మఱియొక స్రావము. మద్యము దానిని అణచును. ఆవును పితుకువానికి ఈ భేదము బోధింప నక్కఱలేదు. దూడను విడువకున్న పొదుగు నిండుగా నున్నను చెంబు నిండదు. రొమ్ములు బరువెక్కినవి గనుక పాలు పడినవని బాలింతయు, ఆమెకు గ్లాసందించిన పెద్దామెయు సంతోషింతురు. బిడ్డమాత్రము లాగి లాగి అలసిపోవును. 1991 లో మెనెల్లా, బోషాం అను నిరువురు శాస్త్రజ్ఞులు అమెరికాలో దీనిని పరీక్షించి ప్రకటించిరి. తల్లి కొంచెము మద్యము పుచ్చుకొనిన తరువాత శిశువులు మొదట హెచ్చుగా చప్పరించిరి గాని, వారి కడుపులోనికి పోయిన పాలు తక్కువ. తల్లి మరల త్రాగనిచో శిశువు ఎనిమిది గంటలు గడచిన పిమ్మట ఆ లోటును తీర్చుకొనునని ఆ వెనుకటి పరీక్షలలో తేలినది. రాత్రి రాత్రికి మందుగా గ్లాసిచ్చు యింటిలో ఆ తీర్చుకొను తరుణ మెప్పుడు వచ్చునో ఆ యింటివారే చెప్పవలెను.

ఇప్పుడు మితవాది పక్షమునను న్యాయముగా చెప్పవలసినది చెప్పెదను. మన ప్రచారకులలో కొందఱు, తల్లి యొక చుక్క త్రాగినచో ఆమె పాలు విషమగుననియు, బిడ్డ వెంటనే పాడగుననియు బెదరింతురు. ఇది నిజము కాదు. తల్లి నెత్తుటిలో మద్య మే పాళముగ నుండునో, పాలలోను ఇంచుమించుగా నదే పాళముగ నుండును. నెత్తుటిలో వేయింటికి అరవంతున్నపుడు, నూఱు మిల్లీలీటర్ల పాలలో నుండునది గ్రాములో ఇరువదవ భాగము. అది స్వల్పమే. నెత్తుటిలో తగ్గినకొలది పాలలోను తగ్గును. పిండి పారబోసినందువలన త్వరగా పోదు, పిండకున్నను నిలిచిపోదు. కాలమొక్కటే దానిని తీసివేయును. పద్నాలుగు గ్రాముల మద్యమును ఒక పాత్రగా నెంచి, దినమున కొక పాత్రకు మించక, దాని పిమ్మట రెండు గంటలైన నాగి పాలిచ్చినచో, శిశువునకు హాని కలిగినట్లు తెలియరాలేదని అమెరికా ప్రభుత్వపు వ్యాధినివారణ కేంద్రము చెప్పుచున్నది. 1989 లో లిటిల్ మొదలగువారు, పాలద్వారా మద్యము సోకిన బిడ్డలు ఏడాది వయసున అంగచలనమున కొంచెము వెనుకబడిరని వ్రాసిరి. మఱల వారే 2002 లో, ఏడాదిన్నర బిడ్డలను పరీక్షించి, అట్టి ఫలము కనబడలేదని వ్రాసిరి. ఈ రెండవ మాటను దాచి, మొదటి మాటనే ఉపన్యాసములలో వినిపించుట సత్యవ్రతుల లక్షణము కాదు.

ఇది దాచిన నష్టమే గాని లాభము లేదు. ఒకనాడు కల్లు త్రాగిన తల్లికి, నీ పాలు విషమని చెప్పి చూడుడు. ఆమె కల్లు మానునో మానదో గాని, బిడ్డను రొమ్మునుండి తప్పించి డబ్బాపాలు పట్టించుట మాత్రము నిశ్చయము. ఉప్పునీటి బావుల యూళ్లలో, కాచని నీటితో, కడుగని సీసాతో కలిపిన డబ్బాపాలు బిడ్డకు చేయు కీడు, ఆ మునుపటి కల్లు చేయగల కీడుకంటె నెన్నో రెట్లు పెద్దది. మన మాటవలన బిడ్డకు విరేచనములు పట్టుకొన్నచో ఆ పాప మెవరిది?

మితవాది యిప్పుడు సంతోషించుచుండును. చూచితిరా, మీ నోటనే నా మాట వచ్చినదనును. కాని ఆ మాటలోని రెండు నిబంధనలను ఆయన చదువలేదు: ఒక పాత్ర, రెండు గంటలు. ఈ రెండును మా చాపమీదికి వచ్చినప్పు డేమగునో చూతము.

మొదటిది పాత్ర. మన అంగళ్లలో ప్రసిద్ధమైన కొలత క్వార్టరు సీసా. అందు 180 మిల్లీలీటర్లు. బలము నూటికి 42.8 పాళ్లు. లెక్క వేసినచో అందుండు మద్యము ఇంచుమించు అరువది గ్రాములు. అనగా పైని చెప్పిన పాత్రలు నాలుగింటికి మించి. ఎవరైనను క్వార్టరును తెఱచి, అందు నాల్గవ భాగము తీసికొని, మిగిలినది బిరడా బిగించి అలమారులో పెట్టుదురా? ఆ సీసా పుట్టినదే ఒకనాటి కొఱకు, ఒకని కొఱకు. మితవాది కంటికి ఒక్క క్వార్టరు మితముగానే కానవచ్చును. ఆ మితము నెత్తుటినుండి తొలగుటకు ఎనిమిది గంటలు చాలవు. ఇక పెద్ద బీరు సీసా 650 మిల్లీలీటర్లు. ఘాటు రకమైనచో అదియు దాదాపు మూడు పాత్రలు.

కల్లు సంగతి మఱియు విచిత్రము. దానికి కొలత గలదు గాని బలము తెలియదు. తెల్లవాఱుజామున సున్నము పూసిన ముంతనుండి దింపినది తియ్యని నీరా; దానియందు మత్తు లేదు. ఎండ యెక్కినకొలది పులియును. సాయంకాలమునకు నూటికి నాలుగైదు పాళ్ల మద్యమగును. ప్రొద్దున త్రాగిన చెంబును, మాపు త్రాగిన చెంబును చెంబులుగా సమానమే. మూతలేని ముంతలో మితమును నిర్ణయించువాడెవడు? గీతవానికే తెలియదు. ప్రొద్దుటి నీరాను త్రాగి బలమొందిన నాయనమ్మ అనుభవము మాపటి కల్లునకు సాక్ష్యముగా చెప్పబడుచుండును.

ఇక రెండు గంటలు. పుట్టిన బిడ్డ దినమునకు ఎనిమిది మొదలు పండ్రెండు సారులు పాలు త్రాగును. అనగా రెండు మూడు గంటల కొకసారి. ఇది ఘడియారము చూచి యేడ్చు ప్రాణి గాదు. తల్లి గ్లాసు దింపిన అరగంటకే, పాలలో మద్యము శిఖరమున నున్నపుడే, లేచి యేడ్చునేమో! అప్పుడా తల్లి యేమి చేయవలెను? మితవాది పుస్తకమున, ముందుగా పిండి శీతలపేటికలో నుంచిన పాలు పట్టవలెనని యుండును. ఆ పేటిక గల యింటి కది చెల్లును. మాపున కరెంటు పోవు గుడిసెలో ఆ తల్లి యేడ్చుబిడ్డను రొమ్ముకు పెట్టుకొనును. మఱి యేమి చేయును? ఆ బిడ్డ కాలేయము పెద్దవారి కాలేయమువలె పనిచేయదు. మద్యమును సుమారు సగము వేగముతో మాత్రమే వదలించుకొనగలదు. ఇక వ్రేలితో నాలుకకు రాసిన బ్రాంది చుక్కలు పాలలో కలిసి పలుచనైనవి గావు. నలువది పాళ్ల మద్యము నేరుగా పసికడుపున పడును. అవి నెత్తుటిలోని చక్కెరను దింపివేయగలవు. చలి తగ్గినట్లు తోచుట బిడ్డ మగతగా పడియుండుటచేతనే. పెద్దవానికైనను మద్యము చర్మమునకు నెత్తురు పాఱజేసి, లోని వేడిమిని బయటికి పంపును. వేకువ తెప్పమీద వణకుచు వేటకు పోవువాడు సారాయివలన వెచ్చబడితి ననుకొనుట భ్రమ. అతడు చలికి మఱింత లోబడుచున్నాడు.

ఇంతవఱకు తల్లిని గూర్చియే మాటలాడితిమి. ఇదియే మన వాదములందలి పెద్ద మోసము. పత్రికలలో గాని, వైద్యుల సలహాలలో గాని, చంటిబిడ్డ, మద్యము అను రెండు మాటలు కలిసినచోట వెంటనే తల్లి రొమ్ము ప్రసంగమునకు వచ్చును. తండ్రి యెక్కడికి పోయెను? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనము ప్రకారము, దేశమున మద్యము త్రాగు స్త్రీలు నూటికి ఒకరికి కొంచెము మించి. పురుషులు నూటికి పందొమ్మిది మందికి దగ్గఱ. మద్యము వాసన చంటిబిడ్డను సోకు నిండ్లలో, ఆ వాసన తండ్రి నోటినుండి వచ్చునవి యెన్ని, తల్లి పాలనుండి వచ్చునవి యెన్ని యని నేను వేఱుగ లెక్క చెప్పనేల? అయినను మన ధర్మబోధలన్నియు ఆ నూటి కొక స్త్రీని వెదకుచు తిరుగుచున్నవి. పందొమ్మిది మంది పురుషులు అరుగుమీద కూర్చుండి తల యూచుచు, ఔను, తల్లి త్రాగరాదనుచున్నారు.

తండ్రికి పాలు లేవు గదా, అతని త్రాగుడు బిడ్డ నెట్లు సోకునందురా? చాపను మరల జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఇంగ్లండు నైఋతి భాగమున నిదురలో అకస్మాత్తుగా మరణించిన శిశువులను గూర్చి బ్లెయిర్ మొదలగువారు 2009 లో ప్రకటించిన పరిశోధన యొకటి గలదు. పెద్దవారి ప్రక్కన పరుండి మరణించిన శిశువులలో నూటికి ముప్పదియొక్కరి విషయమున, ఆ రాత్రి పెద్దవారు మద్యమునో మత్తుమందులనో పుచ్చుకొనియుండిరి. క్షేమముగా ప్రక్కన పరుండి లేచిన బిడ్డల విషయమున అట్టివారు నూటికి ముగ్గురు మాత్రమే. ప్రక్కన పరుండుట యందు తప్పు లేదు. మన తల్లులు అనాదిగా బిడ్డలను ప్రక్కలోనే పెట్టుకొని పెంచిరి; నిదురలోనే చేయి తడిమి, బిడ్డ మూలిగినంతనే మేల్కొందురు. ఆ మేలుకొలుపునే మద్యము చంపును. త్రాగినవాడు తూలనక్కఱలేదు, దుర్భాషలాడ నక్కఱలేదు. మితముగా త్రాగి, ప్రశాంతముగా, మొద్దువలె నిదురించిన చాలును. పొరలిన దేహము క్రింద బిడ్డ యున్నదని వానికి దెలియదు. వీధిలో తూలువానిని ఆ రాత్రి యింటిలోనికి రానీయరేమో గాని, ఈ పెద్దమనిషిని ఎవరు నాపుదురు?

మితమను మాట యర్థము ఇక్కడనే మాఱిపోవుచున్నది. ఒంటరిగా నున్నవానికి మితమనగా తన కాళ్లమీద తాను నిలుచునంత. బండి నడుపువానికి అది చాలదని చట్టమే యొప్పుకొన్నది. నూఱు మిల్లీలీటర్ల నెత్తుటిలో 30 మిల్లీగ్రాములకు మించినచో శిక్షయని మోటారువాహనముల చట్టము విధించినది. బిడ్డ నెత్తుకొనువానికి, రాత్రి దాని యేడుపు వినవలసినవానికి ఎంత యను చట్టము లేదు. లారీకి చూపిన జాగ్రత్తను మూడు కిలోల బిడ్డకు చూపరాదా?

మా జిల్లా స్త్రీలు ఈ వాదమును ఒకసారి విని, జవాబు చెప్పియున్నారు. ఆ జవాబు సముద్రపుటొడ్డున పుట్టలేదు. మెట్టప్రాంతమున, కలిగిరి మండలపు దూబగుంటలో పుట్టినది. అక్షరాస్యతా ప్రచారమున రాత్రిబడులకు వచ్చిన కూలి స్త్రీలు వాచకములో 'సీతమ్మ కథ' చదివి, అది తమ కథయే యని గుర్తించి, వర్ధినేని రోశమ్మ మొదలగువారి వెంట నడచి తమ యూరి సారాయి దుకాణమును మూయించిరి. 1992 నాటికి ఆ నిప్పు జిల్లాయంతట నంటుకొని, సారాయి వేలముపాటలు సాగనీయలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమువచ్చినది. 1997 లో అది సడలింపబడినది. ఈ కథ పాఠకు లెఱిగినదే. నేను జ్ఞాపకము చేయదలచినది మఱియొకటి. ఆ స్త్రీలకును నాడు ఇదియే మాట చెప్పిరి: కష్టజీవి, ఒళ్లు నొప్పులు, కొంచెము పుచ్చుకొననిండు. "కాసింత ఏసుకుంటే ఏమవుద్ది?" అను మాట మా యూళ్లలో నే డీనాడు పుట్టినది కాదు. ఆ కాసింత ఖరీదు తమ బిడ్డ పాలఖరీదని వారు లెక్క వేసి చూపిరి. వారికి రక్తములోని పాళములు తెలియవు. పొయ్యిమీది కుండ తెలియును.

ఆ లెక్క నేటికిని చెల్లునా? 2024 అక్టోబరులో వచ్చిన క్రొత్త మద్యవిధానము, పేదవానికి అందుబాటులో నుండుటకై క్వార్టరును 99 రూపాయలకే అమ్మించుచున్నానని చెప్పుకొన్నది. పేదవాని బిడ్డకు ఏది అందుబాటులో నుండవలెనో గూడ ఒకరు చెప్పవలసియుండెను. ఆ తొంబదితొమ్మిది రూపాయలకు బాలింతకు డజను గ్రుడ్లు వచ్చును. లేదా ఒడ్డున దొరికినంత చిన్నచేప వచ్చును. పాలు పడుటకు మా తీరమున అనాదిగా పెట్టు పాలసొర కూర యుండనే యున్నది. మునుగాకు ఇంటింట నున్నది. అంగన్‌వాడీ కేంద్రము గ్రుడ్డును పాలును ఇచ్చుచున్నది. పాలకు మందులు కావలెనన్నవారికి ఇన్ని యుండగా బ్రాందిపై కన్నేల పడవలెను?

ఒక ఆక్షేపణకు జవాబు చెప్పుట మిగిలియున్నది. మన పూర్వులందఱు ఇట్లే పెరిగిరి గదా, వారి కేమైనదని పెద్దలడుగుదురు. అట్లు పెరిగినవారే వచ్చి యడుగుచున్నారు; పెరుగనివారు వచ్చి యడుగలేరు. స్వాతంత్ర్యమునకు పూర్వము మన దేశమున పుట్టిన ప్రతి వేయి బిడ్డలలో నూటయేబదిమందికి మించి యేడాది నిండకమునుపే మరణించుచుండిరి. అందఱును బ్రాందివలన మరణించిరని నేననను. ఎక్కువమంది జ్వరములచేతను విరేచనములచేతను పోయిరి. కాని అంత మరణములు గల కాలమున, ఏ యాచారము బిడ్డను గాచినదో, ఏది చంపినదో ఎవరికి తెలిసినది? ఆ నాటి పెంపకమును క్షేమమునకు సాక్ష్యముగా తెచ్చుట తగదు.

మఱియొక ఆక్షేపణ మనవైపునుండియే రావలెను. ఈ బోధలన్నియు ఎవరికి? యానాదికిని, పట్టపువానికిని, కల్లు గీయువానికిని. అగ్రవర్ణపు సంస్కారులు వారి పేటలకు పోయి కల్లుముంతలు పగులగొట్టించి, ఇంటికి వచ్చి అల్లుడు తెచ్చిన విదేశపు సీసాను అద్దపు బీరువాలో నలంకరించుకొనుట నేడు వింత గాదు. బారసాల విందున మేడమీద వేఱుగ గ్లాసులు సాగుట నేను చూచితిని. క్రింద పురోహితుడు బిడ్డ పేరు బియ్యములో వ్రాయించుచుండెను. ఆ మేడమీదివారిలో ఒక్కరును తాము త్రాగుబోతులమని యొప్పుకొనరు, నిజమే, కారు. దిగివచ్చి బిడ్డను చేతులలోనికి తీసికొని ముద్దాడిరి. అందఱును మితవాదులే. చాప యిల్లు కాదు గనుక అక్కడ అపాయము తక్కువ కావచ్చును. నియమము మాత్రము వేఱుగ నుండరాదు.

నియమ మేమందురా? బిడ్డ రొమ్ము మఱచువఱకు తల్లియు, తల్లితోపాటు తండ్రియు మద్యము ముట్టకుండుట. ఇది కోరదగినది. ఇది కాలేకపోయినచో, త్రాగినవారెవరైనను ఆ రాత్రి బిడ్డ ప్రక్కన పరుండరాదు, బిడ్డను ఎత్తుకొనరాదు; తండ్రి యైనచో అరుగుమీదనో, పడవ నీడనో పరుండవలెను. తల్లి త్రాగినచో, త్రాగని పెద్దదిక్కు ఒకరు మేల్కొనియుండవలెను. ఆమెను నిందించి పాలు మాన్పింపరాదు. శిశువు నోట మద్యము ఏ పేరుతోను, మందను పేరుతోను, ఒక్క చుక్కయైనను పడరాదు. మొదటి వాక్యమును ఆచరించుటకు సంకల్పము కావలెను. మిగిలిన వానికి రెండవ చాప చాలును.

దీనిని ఎవరు చెప్పవలెను? చెప్పుటకు మనుష్యులున్నారు. ఆస్పత్రిలో ప్రసవమైన తల్లి యింటికి ఆశా కార్యకర్త మూడవనాడు మొదలు నలువదిరెండవ నాటివఱకు ఆఱుసారులు వచ్చును. బిడ్డను తూచును, ఒళ్లు వెచ్చదనము చూచును, పాలు పట్టు తీరు పరీక్షించును. కాని మనలో తొలి కాన్పు పుట్టింట జరుగును. ఆ ఆఱు రాకడలలోను తండ్రి తఱచుగా ఆ యింట నుండడు. మూడవ నెలలోనో, అయిదవ నెలలోనో తల్లియు బిడ్డయు అత్తవారింటికి వత్తురు; తండ్రి చాపపై బిడ్డ మొదటిసారి పరుండునది అప్పుడే. నిదురలో శిశువులు హఠాత్తుగా పోవుట అన్నిటికంటె నెక్కువగా నుండునది రెండవ నెల మొదలు నాల్గవ నెల వఱకు. 2018 నుండి ఆశా కార్యకర్త మూడవ నెలలో మఱల నొకసారి వచ్చు పద్ధతి యేర్పడినది. ఆనాడు ఆమె తల్లిని ప్రక్కకు పిలిచి, నీ వేమి తినుచున్నావు, ఏమి త్రాగుచున్నావు అని యడుగును. అడుగనిండు. పిమ్మట వాకిట వల బాగుచేసికొనుచున్న తండ్రి యొద్దకు పోయి, "అన్నా, రాత్రి బిడ్డ పక్కన పడుకునేది ఎవరు? నువ్వు తాగొచ్చిన రోజు ఎక్కడ పడుకుంటావు?" అని గూడ అడుగవలెను. అతని జవాబును తన పుస్తకమున బిడ్డ బరువు ప్రక్కనే వ్రాసికొనవలెను.